చివరి చెయ్యి

సెకొండి,
4 ఫిబ్రవరి 1969

ఫీఫీకి,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా నా ఆరోగ్యం గురించి, రెండో పేజీ అంతా నీ ఉద్యోగం గురించి రాశావు. మొదటి పేజీ ఎందుకు రాశావో రెండో పేజీ చదివాక అర్థమైంది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఇక రెండో పేజీకి వద్దాం.

తెమా రేవులో సరుకు దించే కంపెనీలన్నిటిలోనూ మన సాగరదీప సోదర సంఘంవాళ్ళే కుర్చీల్లో కూర్చున్నారనీ, ఎవడో ఒక సోదరుడు మాట వేస్తే తప్ప బయటివాడికి చీపురుకట్ట కూడా చేతికివ్వరనీ రాశావు. కొత్త సంగతేమీ కాదు. క్రేన్ల మరమ్మతు నేర్చుకుని, మంచి మార్కులతో పాసై, ఏడాదిగా ఖాళీగా తిరుగుతున్నానన్నావు. అదీ కొత్త కాదు. ముప్పైయేళ్ళుగా సంఘంలో ఉన్న మేనమామగా నన్నొక మాట వేయమన్నావు. వేయను.

కారణం చెబుతాను. నువ్వు పరీక్షకు వెళ్ళబోయే కంపెనీలో పెద్ద కుర్చీ బ్లాంక్సన్‌ది. సంఘానికి పెద్ద గురువు కూడా వాడే. ఆ బ్లాంక్సన్‌ను చెయ్యి పట్టుకుని సంఘంలోకి తీసుకొచ్చింది నేను. రైల్వేలో మొదటి ఉద్యోగం ఇప్పించింది నేను. కాలర్‌కు బొత్తాం పెట్టుకోవడం కూడా నేనే నేర్పాను. తరవాత ట్రాఫిక్ ఆఫీసులో హెడ్ క్లర్కు పని ఖాళీ అయినప్పుడు, వాడికంటే ఎనిమిదేళ్ళు సీనియర్ని, నేను ఇంట్లో కూర్చుని చొక్కా ఇస్త్రీ చేయించుకుంటుంటే, సోదరులంతా వాడి పేరు మోశారు. తెల్లదొర సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి నేను సంఘం గడప తొక్కలేదు. ఇప్పుడు వెళ్ళి, అయ్యా బ్లాంక్సన్, మా పిల్లాడిని చూడు అని అడగాలా? అలా అడిగిన నోటితో అన్నం తినలేను.

మనుషులు సంఘాలెందుకు పెట్టుకుంటారో చాలా పుస్తకాల్లో చదివాను. అన్నిట్లోనూ ధర్మం, సోదరత్వం, వెలుగు అని పెద్ద పెద్ద మాటలుంటాయి. అసలు సంగతి రెండు ముక్కలు: బతికుండగా ఒకడికి కుర్చీ, చచ్చాక ఒకడికి పెట్టె. మొదటిది నాకు రాలేదు. రెండోదాని కోసమే ఇంకా చందా కడుతున్నాను. చర్చిలో పాస్టరుతో నాకు మాటల్లేవని నీకు తెలుసు. అతను నన్ను పాతిపెట్టడు, నేనూ అడగను. నేను పోయినప్పుడు తలుపు మూసి సోదరులు చేయవలసింది చేస్తారు. ఆరుగురు తెల్ల చేతితొడుగులు వేసుకుని పెట్టె మోస్తారు. సెకొండి వీధంతా నిలబడి చూస్తుంది. చూడాలి. నా సంఘం నడికట్టు కర్పూరం ఉండలతో ట్రంకుపెట్టెలో ఉంది. తాళం చెవి ఎక్కడుంటుందో మీ అమ్మకు తెలుసు.

మనలో వారసుడు మేనల్లుడే కాబట్టి నా తరవాత ఈ ఇల్లు, నా పుస్తకాలు, నా పగలు అన్నీ నీవే. నా కొడుకుల సంగతి వాళ్ళ మేనమామ చూసుకుంటాడు. రోమ్ చరిత్రకు మాత్రం చెదలు పట్టింది. మొదలూ చివరా మిగిలాయి, నడుమ సామ్రాజ్యమంతా తినేశాయి.

నీ మార్కులు నమ్ముకుని పరీక్షకు వెళ్ళు.

నీ మేనమామ,
క్వామినా అర్కార్‌ఫుల్


తెమా,
20 ఫిబ్రవరి 1969

మామయ్యకు నమస్కారాలు.

మీ మోకాళ్ళ గురించి ఈసారి అడగను.

మీరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. సోమవారం పరీక్షకు వెళ్ళాను. బయట బెంచీ మీద చాలామందిమి కూర్చున్నాం. తలుపు దగ్గరి బంట్రోతు ఒక్కొక్కరి సర్టిఫికెట్లూ చూసి తిరిగిచ్చేస్తూ, నా వంతు వచ్చేసరికి నవ్వాడు. “అందరూ కాగితాలు మోసుకొచ్చేవాళ్ళే. మామయ్యను తెచ్చుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా మీలో?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో బ్లాంక్సన్ గారు. తెల్ల జుట్టు, నల్ల కోటు. చెయ్యి చాపారు. ఆ క్షణంలో నాకేమైందో చెప్పలేను. నాకు ఏడేళ్ళప్పుడు, సంఘంవాళ్ళు తలుపు మూసుకుని లోపలేం చేస్తారని నేను ప్రాణం తీస్తుంటే, మీరొకసారి వరండాలో కూర్చోబెట్టి ఒక చేతిపట్టు నేర్పారు, గుర్తుందా? కుడి చేత్తో పట్టుకోవాలి, బొటనవేలు లోపలికి మడవాలి, ఎడమ అరచెయ్యి ఎదుటివాడి మోచేతి కింద పెట్టాలి, నెమ్మదిగా నొక్కాలి. “ఇదీ వాళ్ళ బ్రహ్మరహస్యం, ఊరంతా చెప్పుకో” అన్నారు. నేనెవరికీ చెప్పలేదు. సోదరులు ఒకరినొకరు పలకరించుకునే పట్టు అదేననుకున్నాను. ఆ పట్టే పట్టాను.

బ్లాంక్సన్ గారు నా చెయ్యి వదల్లేదు. చాలాసేపు నా మొహంలోకి చూశారు. “నువ్వు అర్కార్‌ఫుల్ మేనల్లుడివి కదూ? ఆ నుదురు వాళ్ళ ఇంటిదే” అన్నారు. దొరికిపోయాననుకున్నాను. ఆ పట్టు నేర్పింది మీరేనని బయటపడితే మీకేం ముప్పోనని నోరు విప్పలేదు. తల ఊపి నేలచూపులు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, పక్కవాళ్ళతో “ఈ అబ్బాయిని ఇంకేమీ అడగక్కర్లేదు” అన్నారు. నాతో, “వెళ్ళు నాయనా. వచ్చే సోమవారం పనిలో చేరు. మిగతాది మేం చూసుకుంటాం” అన్నారు.

ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, మామయ్యా. హైడ్రాలిక్ పంపుల గురించి వారంపాటు చదువుకుని వెళ్ళాను.

మీరు ఆయన్ని అడగనన్నారు గానీ, ఆయన మిమ్మల్ని మరచిపోలేదు. మీ పేరు పలికినప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు. మీరు తెలియకుండా మాట వేశారేమో అని కూడా అనుమానం వస్తోంది. వేసి ఉంటే మీకు వెయ్యి దండాలు.

అమ్మకు చెప్పండి. జీతం వచ్చాక మొక్కజొన్న కెంకీ ముద్దలు ఉడకబెట్టుకోవడానికి కొత్త గుండిగ పంపిస్తాను.

మీ మేనల్లుడు,
ఫీఫీ


సెకొండి,
27 ఫిబ్రవరి 1969

ఫీఫీకి,

నేను ఎవరికీ ఏ మాటా వేయలేదు. నీ ఉత్తరం మంగళవారం అందింది. నన్ను పూడ్చడానికి మనుషులు శనివారమే వచ్చారు. మన తపాలా శాఖ గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వివరంగా రాస్తాను, విను. నేను నీకు నేర్పినది పలకరింపు పట్టు కాదు. దాన్ని చివరి చెయ్యి అంటారు. సోదరుడు పోయినప్పుడు, అతని వారసుడైన మేనల్లుడు పెద్ద గురువు దగ్గరికి వెళ్ళి నోరు విప్పకుండా ఆ పట్టు పడతాడు. అంటే, మా ఇంటి దీపం ఆరిపోయింది అని. ఆ పట్టు పట్టినవాణ్ణి ఏమీ అడగకూడదు, ఎప్పుడు, ఎలా అని కూడా. దుఃఖంలో ఉన్నవాడి చేత మాట్లాడించకూడదని సంఘం నియమం. ఆ పట్టు అందుకున్న వాళ్ళకు మరో నియమం ఉంది. పోయినవాడి వారసుడికి తిండి దారి చూపించేదాకా వాళ్ళు తృప్తిగా తినకూడదు. అందుకే నీకు ప్రశ్నల్లేకుండా ఉద్యోగం వచ్చింది. నువ్వు వెళ్ళి, మా మామయ్య చచ్చాడు, పనివ్వండి అని చేత్తో చెప్పావు. తల వంచి మరీ చెప్పావు.

ఆ వయసులో నీకది ఎందుకు నేర్పానంటావా? బ్లాంక్సన్‌కు కుర్చీ దొరికిన వారం అది. వాళ్ళ రహస్యాన్ని ఒక ముక్కు కారే పిల్లాడి చేతిలో పెడితే చల్లగా ఉంటుందనిపించింది. ఉంది కూడా.

శనివారం మధ్యాహ్నం నేను వరండాలో వేరుశనగలు ఒలుచుకుంటున్నాను. తెమా నుంచి నల్ల కారొకటి వచ్చి ఆగింది. బ్లాంక్సన్, వెనక నలుగురు సోదరులు దిగారు. నల్లబట్టలు, తెల్ల చేతితొడుగులు, ఒక పూలచక్రం, రెండు సీసాల ష్నాప్స్ సారా. నన్ను చూసి మెట్ల దగ్గరే నిలబడిపోయారు. నేను లేవలేదు. ఒళ్ళో శనగలున్నాయి.

ఇంతలో మీ అమ్మ ఎసీ మార్కెట్టు నుంచి వచ్చింది. పూలచక్రాన్ని, తెల్ల తొడుగుల్ని చూసింది. అంతే, నెత్తి మీది గంప కింద పడేసి వీధి అదిరేట్టు శోకం ఎత్తుకుంది.

“ఎసీ, నేనిక్కడే ఉన్నానే” అన్నాను.

“నువ్వు నోరు ముయ్యి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు” అంది. ఆపలేదు కూడా. ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరు వచ్చి శ్రుతి కలిపారు. నన్ను గురించి ఆవిడ ఏడుస్తూ చెప్పిన మంచి మాటలు బతికుండగా ఏనాడూ నా చెవిన పడలేదు. సగం అబద్ధాలే.

సోదరుల్ని కార్లో కూర్చోమని పంపేసి బ్లాంక్సన్ నా పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ తరవాత. ముసలివాడైపోయాడు. శనగలు తీసుకుని తను కూడా ఒలిచాడు. జరిగిందంతా ఒకరికొకరం చెప్పుకున్నాం. నీ ఉద్యోగం గురించి కూడా మాట్లాడాను. అది నీదే. దాని గురించి ఇంకెవర్నీ ఏమీ అడగకు, ముఖ్యంగా ఆ పట్టు సంగతి ఎక్కడా ఎత్తకు.

పోతూ పోతూ వాడి కోటు జేబు తడుముకుంటుంటే అడిగాను. “నా పెట్టె ముందు ఏదో చెప్పాలని సిద్ధం చేసుకొచ్చావు కదా. చెప్పు, వింటాను” అన్నాను.

“క్వామినా, శవంతో చెప్పవలసింది శవంతోనే చెబుతాను. నువ్వింకా గుడ్లు మిటకరిస్తున్నావు” అన్నాడు.

వెళ్ళిపోయాడు. పూలచక్రం మేకలు తింటున్నాయి.

నీ మేనమామ,
క్వామినా అర్కార్‌ఫుల్


తెమా,
9 మార్చి 1969

మామయ్యకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చెమటలు పట్టాయి, రెండోసారి ఏడుపొచ్చింది, మూడోసారి అమ్మ శోకం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగలేదు. నన్ను క్షమించండి. మిమ్మల్ని చేతులారా చంపాను.

పనిలో చేరాను. మూడో జెట్టీ మీది రెండు క్రేన్లు నాకే అప్పగించారు. అందులో ఒకటి ముసలిది, నూనె కక్కుతుంది, ఎవరి మాటా వినదు. దానికి మీ పేరు పెడదామనుకున్నాను, కానీ ఇప్పుడది బాగుండదు.

ఒక సంతోషం. బ్లాంక్సన్ గారు పిలిచి, సంఘంలో చేరతావా అని అడిగారు. సరేనన్నాను. ఇక్కడ పెద్ద మందిరంలో ఈస్టర్ తరవాత దీక్ష ఇస్తారట. అడ్డదారిన దొరికిన పని, ఇకనైనా రాజమార్గాన సోదరుణ్ణయి సంపాదించుకున్నట్టు ఉంటుంది. పైగా మీరు రాసింది నేను మరచిపోలేదు. మీ రోజు వచ్చినప్పుడు, అది ఆలస్యంగా రావాలి, ఆ ఆరుగురిలో నేనొకణ్ణి ఉండాలి.

దీక్షకు సొంత రక్తంలోని సోదరుడొకరు పక్కన నిలబడితే గౌరవమట. మీరు రావాలి. కారు పంపుదామన్నాను గురువుగారితో. ఆయన “మీ మామయ్యను అడుగు” అన్నారంతే. నడికట్టు తెచ్చుకోండి. ఇద్దరూ శనగలు కలిసి ఒలుచుకున్నారంటే పాత లెక్కలు తీరినట్టే కదా.

ఫీఫీ


సెకొండి,
16 మార్చి 1969

ఫీఫీకి,

రాను.

ప్రయాణం పడదు. ఆ మందిరం నాకు పడదు. బ్లాంక్సన్‌తో శనగలు ఒలిచినంత మాత్రాన పాత లెక్కలు తీరవు. అవి శనగలు.

నువ్వు చేరాలనుకుంటే చేరు, నేను వద్దనడం లేదు. పక్కన ఎవరైనా క్రేను డ్రైవర్ని నిలబెట్టుకో.

చెదలు ఇప్పుడు ఇంగ్లండు చరిత్ర మీద పడ్డాయి. ఈసారి వాటికి అడ్డు చెప్పడం లేదు.

క్వామినా అర్కార్‌ఫుల్


తెమా,
30 మార్చి 1969

మామయ్యకు,

ఈ ఉత్తరం రాయకుండా ఉందామనుకున్నాను. రాయకపోతే లోపలే కుళ్ళుతుంది.

బ్లాంక్సన్ గారు మీకు ఇరవై ఏళ్ళ కింద చేసింది తప్పే, ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని పూడ్చడానికి పనులన్నీ మానుకుని నూట యాభై మైళ్ళు వచ్చింది కూడా ఆయనే. నాకు పని ఇచ్చింది ఆయనే. జరిగిన పొరపాటు తెలిశాక కూడా తీసేయనిది ఆయనే. ఆ మనిషి ఎదుట ఒక్క పూట నిలబడటానికి మీకు మనసు రాలేదు. నా కోసమైనా రాలేదు. మీకు మేనల్లుడి కంటే పగే దగ్గరి చుట్టం.

మొన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మ ఏమందో తెలుసా? “వాడు పెట్టెలో పడుకుని కూడా ఎవరు ముందు నడుస్తున్నారో తల ఎత్తి చూస్తాడు” అంది. నవ్వుతూ అనలేదు.

దీక్ష ఏప్రిల్ పన్నెండున. నా పక్కన ఎవరూ నిలబడరు. ఖాళీగానే ఉంచమన్నాను.

ఫీఫీ


తెమా,
13 ఏప్రిల్ 1969

మామయ్యా,

నా పోయిన ఉత్తరానికి మీరు జవాబివ్వలేదు. ఎందుకివ్వలేదో నిన్న తెలిసింది. ఆ ఉత్తరాన్ని చింపేయండి. చింపేశారా లేదా రాయండి.

మందిరంలోకి కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళారు. విప్పేసరికి ఎదురుగా గోడనిండా గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో సోదరుడి దీపం. ఊళ్ళలోని శాఖలవాళ్ళవి, ఏళ్ళ కిందటే మూతపడిన సెకొండి శాఖవాళ్ళవి కూడా అక్కడే. కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని ఆర్పి బోర్లించి ఉన్నాయి. నన్నొక బోర్లించిన దీపం కింద నిలబెట్టారు. పేరు చదివాను. మీది.

పొరపాటు జరిగింది, మా మామయ్య బతికే ఉన్నాడని అరవబోయాను. బ్లాంక్సన్ గారు నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు. దీక్ష అయ్యాక పక్కగదిలోకి తీసుకెళ్ళి చెప్పారు.

నేను చెయ్యి పట్టిన సాయంత్రమే మందిరంలో అందరినీ పిలిచి మీ దీపం ఆర్పారట. ఒకసారి ఆర్పిన దీపాన్ని వెలిగించే ఆచారం సంఘంలో లేదు. సంఘం ఒక మనిషిని ఒక్కసారే సాగనంపుతుంది. ఆ శనివారం వరండాలో ఆయన మీ ముందు రెండు దారులు పెట్టారట. మీరు మందిరానికి వచ్చి బతికున్నానని నిలబడితే, రహస్యం బయటపెట్టినందుకు మీ మీద, దొంగ పట్టు పట్టినందుకు నా మీద విచారణ జరుగుతుంది, పని పోతుంది. లేదా, మీరు సంఘానికి చనిపోయినట్టే ఉండిపోతే, నేను చనిపోయిన సోదరుడి వారసుణ్ణి, పని నాదే. కారులో కూర్చున్న నలుగురూ నోరు విప్పబోమని ఒట్టేశారట. మీరు మాత్రం ఇక ఎన్నడూ మందిరం గడప తొక్కకూడదు. మీకు ఆరుగురు ఉండరు, తెల్ల తొడుగులు ఉండవు, మూసిన తలుపు ఉండదు.

“మామయ్య ఎంతసేపు ఆలోచించారు?” అని అడిగాను.

“ఆలోచించలేదు. సీసా మూత తియ్యి, నా దినం పొడిగా గడవడం నాకిష్టం లేదు అన్నాడు” అని చెప్పి బ్లాంక్సన్ గారు కిటికీ వైపు తిరిగారు. “వాడంత మొండివాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు. ఆ హెడ్ క్లర్కు కుర్చీ వాడిదే” అన్నారు. “ఇది మాత్రం వాడికి రాయకు.”

రాశాను.

మామయ్యా, నేను రేపు వెళ్ళి రాజీనామా ఇస్తాను. మందిరంలో నిజం చెబుతాను. విచారణ చేసుకోనీ. మీ పెట్టె లేకుండా చేసి నేను అన్నం తినలేను.

మీ ఫీఫీ


సెకొండి,
18 ఏప్రిల్ 1969

ఫీఫీకి,

ఈ ఉత్తరం అందేలోగా రాజీనామా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో. ఇవ్వకపోతే ఇవ్వకు. ఆ క్రేను నూనె కక్కుతోందన్నావు. ముందు దాని సంగతి చూడు.

నువ్వు నిజం చెబితే జరిగేది ఇదీ. నీ పని పోతుంది. నా దీపం వెలగదు. బ్లాంక్సన్ అబద్ధమాడాడని వాడి కుర్చీ కూడా పోతుంది. ఇందులో చివరిది తప్ప మనకు లాభం లేదు. ఆ చివరిదాని కోసం నేను ఇరవై ఏళ్ళు కాచుకున్నాను. తీరా చేతికి అందేసరికి, వాడిది ఊడితే నీది కూడా ఊడుతుంది. అలా ముడిపెట్టి పోయాడు దుర్మార్గుడు. నీ చేత్తో వాణ్ణి దించాలని చూడకు.

నీ పోయిన ఉత్తరం చింపలేదు. దాచాను. నన్నెవరైనా తిడితే తప్పుల్లేకుండా తిట్టాలి. నువ్వు బాగా రాశావు. పగే దగ్గరి చుట్టమన్న మాట బాగుంది.

కుర్చీ నాదేనని వాడు ఒప్పుకున్న సంగతి రాసి మంచి పని చేశావు. అయితే అది వాడు నా పెట్టె ముందు చెప్పాలనుకున్న మాటేనో, ఇంకేదైనా ఉందో తెలియదు. ఉండే ఉంటుంది. వాడు పొదుపరి, ఒక్క మాట కోసం అంత దూరం రాడు. వాణ్ణి అడగకు. వాడు ఆ మాట జేబులో మోసుకుని తిరగనీ. వాడికంటే ఒక్క రోజైనా ఎక్కువ బతకాలని డాక్టరు చెప్పిన మాత్రలన్నీ వేసుకుంటున్నాను.

నా సాగనంపు గురించి దిగులు పడకు. ఎసీకి అంతా చెప్పాను. ఆవిడ నవ్వింది. “ఆరుగురు మొగవాళ్ళు, చేతులకు తొడుగులు, ఎందుకురా అంత ఆర్భాటం? రోజూ మొక్కజొన్న బస్తాలు మోసేవాళ్ళం, నీ ఎముకలు మోయలేమా?” అంది. మార్కెట్టు ఆడవాళ్ళంతా అప్పుడే ఒప్పుకున్నారట. ఎవరు ముందు నడవాలో వాళ్ళలో వాళ్ళకు తగువు కూడా మొదలైంది. అంటే అదీ ఒక సంఘమే. వీధి నిలబడి చూస్తుంది. నాకంతే కావాలి.

నా నడికట్టు పార్సిల్లో పంపుతున్నాను. కర్పూరం వాసన పోవడానికి ఎండలో వెయ్యి. నీకు కొంచెం వదులవుతుంది, తిండి తిను. మందిరంలో నీ దీపానికి నూనె నువ్వే పోసుకో, ఇంకెవర్నీ నమ్మకు.

ఒక్క మాట గుర్తుంచుకో. నేను నిజంగా పోయిన రోజున మీ అమ్మ నీకు కబురు పంపుతుంది. రైలెక్కి నేరుగా ఇంటికి రా. దారిలో ఎవరికీ ఆ చెయ్యి ఇవ్వకు. నా కోసం ఒకసారి ఇచ్చావు, చాలు.

నీ మేనమామ,
క్వామినా అర్కార్‌ఫుల్